కూడదు – అక్కరలేదు: ఆంగ్ల సహాయక క్రియలలో వ్యతిరేకార్థము

భాషల విషయంలో వికారాబాదు, తాండూరు ప్రాంతాల విద్యార్థి అదృష్టవంతుడనే చెప్పాలి. ఇంట్లో దక్కనీ ఉర్దూ, బజారులో తెలుగు, తాండూరు దాటి పడమరకు పోతే కన్నడం అతని చెవిన పడుతూనే ఉంటాయి. ఇన్ని నుడికారాలు విన్న చెవికి ఆంగ్లం కొరకరాని కొయ్య కానక్కరలేదు. ఐనను వ్యాకరణ సూత్రాలు గడగడ వల్లించగల విద్యార్థులు సైతం ఒక చిన్న చోట తడబడుట మేము ఏటేటా చూస్తూనే ఉన్నాము. క్యాన్, మే, మస్ట్, షుడ్, నీడ్ మొదలైన సహాయక క్రియల పక్కన 'నాట్' చేరినప్పుడు అర్థం ఏ మలుపు తిరుగుతుందో వారికి అంతుపట్టడం లేదు.

'యూ మస్ట్ వెయిట్' అంటే నీవు వేచి ఉండాలి. ఇంతవరకు చిక్కు లేదు. దీనికి నాట్ చేర్చి 'యూ మస్ట్ నాట్ వెయిట్' అంటే, వేచి ఉండాలన్న నిర్బంధం తొలగిపోయిందని మన విద్యార్థి తలుస్తాడు. కాని ఆంగ్లేయుని చెవికి అది వేచి ఉండకూడదన్న కట్టడి. నిర్బంధం తొలగినదని చెప్పదలచినప్పుడు మస్ట్‌ను వదలి, 'యూ నీడ్ నాట్ వెయిట్' అనాలి. వేచి ఉండనక్కరలేదు, ఉన్నా తప్పు లేదు అని దాని భావం. నేటి వాడుక భాషలో, ముఖ్యంగా అమెరికా వారి నోట, ఇదే అర్థానికి 'డోంట్ హావ్ టు' ఎక్కువగా వినవస్తుంది.

ఇది ఆంగ్లేయుల వింత పోకడ అని కొందరి అభిప్రాయం. మాకట్లు తోచదు. తెలుగులో 'చేయగలను' అన్న మాటకు వ్యతిరేకం 'చేయలేను'. 'చేయగలను కాదు' అని పసిబిడ్డ కూడా అనదు. 'రావచ్చు' అన్నదానికి 'రాకూడదు', 'రావాలి' అన్నదానికి 'రానక్కరలేదు' అని మాటనే మార్చివేస్తాము. వ్యతిరేకార్థానికి క్రియలోనే వేరు రూపం గల భాష మనది. చిన్నయసూరి బాలవ్యాకరణంలో వ్యతిరేకార్థక రూపాలకు ప్రత్యేకంగా సూత్రాలున్నవి. కావున మస్ట్‌కు వ్యతిరేకంగా నీడ్ నాట్ రావడం మనకు కొత్త కారాదు. ఆంగ్లంలో నాట్ ఎప్పుడూ ఒకే రూపంలో కనబడుట వలననే మోసపోతున్నాము. రాండల్ఫ్ క్వర్క్ ప్రభృతులు 1985లో వెలువరించిన బృహద్వ్యాకరణంలో ఈ సంగతిని విడదీసి చూపించారు. నిషేధం కొన్ని చోట్ల సహాయక క్రియ మీద, కొన్ని చోట్ల అసలు క్రియ మీద పడుతుందని వారి వివరణ. నీడ్ నాట్‌లో అవసరమే లేదు. మస్ట్ నాట్‌లో అవసరం ఉన్నది. ఆ అవసరం చేయకుండా ఉండుటకు. వాక్యం కట్టే ముందు మనసులోని తెలుగు 'కూడదు' అంటున్నదా, 'అక్కరలేదు' అంటున్నదా అని ఒక్క క్షణం ఆగి విన్నచో సగం తప్పులు పోతాయి.

ఇంత చిన్న భేదానికి ఇంత రాద్ధాంతమేల అని కొందరడగవచ్చు. తాండూరులో నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్లు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. అక్కడ గుమాస్తాగా చేరిన మన విద్యార్థికి దూరప్రాంతపు కొనుగోలుదారు నుండి 'యూ నీడ్ నాట్ పాలిష్ ద స్లాబ్స్' అని ఉత్తరం వచ్చిందనుకొందాము. బండలకు పాలిషు పెట్టినా పెట్టకున్నా వారు తీసుకొంటారు. అదే మస్ట్ నాట్ అని ఉంటే, పాలిషు పెట్టిన లారీడు సరుకు తిరిగి రావచ్చు. పరీక్షలోనూ అంతే. ప్రశ్నపత్రంలో ఒక భాగానికి జవాబు రాయనక్కరలేదన్న మాటకు, ప్రశ్నపత్రం మీద ఏమియు రాయకూడదన్న మాటకు మధ్య ఉన్న దూరం మార్కుల పట్టిక చెబుతుంది.

ఆస్పత్రి సంగతి ఇంతకంటె గంభీరమైనది. అనంతగిరి పేరు చెప్పగానే ఈ ప్రాంతపు పెద్దలకు క్షయ చికిత్స జ్ఞప్తికి వచ్చేది. సాధారణ క్షయకు మందులు కనీసం ఆరు నెలలు వాడాలి. కొన్ని వారాలకే దగ్గు తగ్గి, ఒళ్లు తేలికపడగానే రోగి మాత్రలు మానుకొంటే వ్యాధి తిరగబెట్టవచ్చు, మందులకు లొంగని రూపమూ దాల్చవచ్చు. ఇంగ్లీషు రాని తండ్రితో ఆస్పత్రికి వెళ్లిన కళాశాల విద్యార్థియే ఇంటివారికి దుబాసి అవుతాడు. వైద్యుడు 'హి మస్ట్ నాట్ స్టాప్ ద ట్యాబ్లెట్స్' అంటాడు. ఆ వెంటనే 'యూ నీడ్ నాట్ కీప్ హిజ్ ప్లేట్ అపార్ట్' అనవచ్చు. ఏలననగా క్షయ గాలి ద్వారా సోకుతుంది గాని కంచం ద్వారా కాదు. దుబాసి ఈ రెంటిని తారుమారు చేసినచో ఏమగును? మాత్రలు మానవలసిన పని లేదని, కంచం వేరుగా పెట్టుట మాత్రం నిషిద్ధమని ఇంట్లో చెబుతాడు. మొదటి మాట విని, మానినా ఫరవాలేదు కాబోలునని తండ్రి ఆరు నెలల మందును రెండు నెలలకే కట్టిపెట్టవచ్చును.

'మే నాట్' తీరు వేరు. 'హి మే నాట్ కమ్' అన్న ఒకే వాక్యానికి 'రాకపోవచ్చు' అని ఒక అర్థం, 'వచ్చుటకు అనుమతి లేదు' అని మరొక అర్థం ఉన్నవి. ఆంగ్లంలో సందర్భాన్ని బట్టి పోల్చుకోవాలి. మన భాషలో ఆ బాధ లేదు. రాకపోవచ్చు, రాకూడదు అని నిషేధం ఏ ముక్క మీద పడవలెనో ఆ ముక్కనే మారుస్తాము. ఈ ఒక్క చోట తెలుగే మేలని చెప్పడానికి మాకు సంకోచం లేదు.

ఐతే 'రాదు' దగ్గరికి వచ్చేసరికి మనము కూడ ఆంగ్లేయులకు తీసిపోము. 'నాకు ఈత రాదు' అంటే శక్తి లేదని. 1874లో పడిన సికిందరాబాదు–వాడి రైలుదారి మన రెండు ఊళ్ల మీదుగానే పోతుంది. పట్టాలు దాటరాదు అన్నప్పుడు అదే మాట నిషేధం. ఇంటికి వచ్చిన చుట్టంతో మన తెలంగాణ తల్లి 'జర కూసోరాదు, ఇంత తినరాదు' అన్నచో అది బతిమాలుట. తీరప్రాంతం నుండి వచ్చిన మిత్రుడెవరైనా ఆ మాట విని విస్తరి ముందు నుండి లేవబోతే ఆశ్చర్యం లేదు! ఆంగ్లంలో 'కాంట్' సరిగా ఇట్లే నడుస్తుంది. 'ఐ కాంట్ స్విమ్' అంటే శక్తి లేదు. 'యూ కాంట్ గో ఇన్' అంటే లోపలికి వెళ్లకూడదు. 'కాంట్ యూ స్టే?' అంటే ఉండరాదూ అని. దీనికి తోడు 'ఇట్ కాంట్ బి ట్రూ' అని ఊహకు కూడ వాడతారు. అది నిజమై ఉండదని అర్థం.

దక్కనీ 'నక్కో' సంగతి కూడ చెప్పుకొనక తప్పదు. మరాఠీ నుండి వచ్చిన ఈ మాట మన తెలుగు 'వద్దు' లాగానే రెండు పనులు చేస్తుంది. 'నక్కో జావ్' అంటే వెళ్లవద్దు, 'మేరేకు నక్కో' అంటే నాకు వద్దు. ఆంగ్లంలో ఈ రెంటికి ఒకే మాట దొరకదు. 'డోంట్ గో' అనాలి, 'ఐ డోంట్ వాంట్ ఇట్' అనాలి. ఇక ఉర్దూలో 'ముఝే జానా నహీఁ హై' అన్నప్పుడు వెళ్లనక్కరలేదా, వెళ్లే ఉద్దేశం లేదా అన్నది స్వరాన్ని బట్టి తేలాలి. కనుక ఉర్దూ మాధ్యమం నుండి వచ్చిన విద్యార్థి ఆ వాక్యాన్ని నేరుగా ఆంగ్లంలో పెట్టబోయే ముందు 'జరూరత్ నహీఁ' అని గాని, 'నహీఁ జానా చాహియే' అని గాని విడమరచుకొనుట మేలు.

'వోంట్' విషయం సులభం. లారీ స్టార్టు కానంటున్నదని మనము అన్నట్లే 'ద లారీ వోంట్ స్టార్ట్' అని వారూ ప్రాణం లేని వస్తువుకు మొండితనం అంటగడతారు.

భూతకాలంలో మరొక మెలిక ఉన్నది. 'యూ నీడ్ నాట్ హావ్ కమ్' అంటే వచ్చావు, కాని ఆ రాక అనవసరం. 'యూ డిడ్ నాట్ నీడ్ టు కమ్' అంటే రావలసిన అవసరం అప్పుడు లేకపోయెను. వచ్చినదీ రానిదీ ఆ వాక్యం చెప్పదు. 'యూ షుడ్ నాట్ హావ్ కమ్' అన్నది మందలింపు. ఐతే మిఠాయి పొట్లం చేతబట్టుకొని వచ్చిన అతిథితో ఆంగ్లేయుడు 'యూ షుడ్ నాట్ హావ్' అన్నచో అది కోపం కాదు, 'ఇవన్నీ ఎందుకండీ' అన్న మన మర్యాదయే.

ఉచ్చారణ గురించి ఒక్క మాట. 'మస్ట్ నాట్' కుదించి పలికినప్పుడు నడిమి టకారం వినబడదు. 'క్యాన్', 'కాంట్' మాటల తేడా ఫోనులో, అందులోను యంత్రాల హోరులో, తరచు జారిపోతుంది. అట్టి చోట 'క్యానాట్' అని నిండుగా పలికి, అవతలివారి చేత ఒకసారి తిరిగి చెప్పించుకొనవలెను.