క్యాసెట్టులోని జ్ఞాపకములు

మన మంచిర్యాల ప్రాంతమున పెక్కు గృహములందు బీరువా అడుగున వీడియో క్యాసెట్లు నేటికిని పడియున్నవి. ఒకదానిలో అక్కగారి వివాహము, మరియొకదానిలో 2003వ సంవత్సరపు గోదావరి పుష్కరస్నానము. వానిలో కన్పించు తాతలు, అమ్మమ్మలు కొందరు నేడు మన మధ్య లేరు. వారి రూపమును, కంఠస్వరమును నిలిపియున్నవి ఆ క్యాసెట్లే.

క్యాసెట్టులోని టేపు పలుచని ప్లాస్టిక్ పట్టీ. దానిపై అయస్కాంతశక్తిని నిలుపుకొను పొడి పూయబడియుండును. తేమ తగిలిన బూజు పట్టును. కాలము గడచినకొలది ఆ శక్తి క్షీణించును. కావున అందలి దృశ్యములను కంప్యూటరులోనికి చేర్చుట అవసరము.

క్యాసెట్లు రెండు విధములు. గోదావరి నీటిమట్టమును తెలుపుటకు హెచ్చుతగ్గుల గీత గీయవచ్చును. లేదా గంటగంటకు కొలిచి అంకెలు వ్రాయవచ్చును. గీతకు నకలు తీసినపుడెల్ల చేయి కొంత తప్పును. అంకెలను సరిగా ఎత్తి వ్రాసినచో ఎన్ని నకళ్లకైనను మార్పు రాదు. వి.హెచ్.ఎస్., హై8 క్యాసెట్లు గీత వంటివి. కంప్యూటరు అంకెలనే గ్రహించును గనుక, దృశ్యమును అంకెలుగా మార్చు క్యాప్చర్ పరికరము నడుమ ఉండవలెను. 1995లో వెలువడిన మినీ డీవీ క్యాసెట్టులో దృశ్యము మొదటినుండియు అంకెల రూపముననే ఉండును. ఫైర్‌వైర్ అను తీగ ద్వారా ఆ అంకెలు ఉన్నవి ఉన్నట్లు కంప్యూటరును చేరును.

మినీ డీవీ క్యాసెట్టును చేర్చు విధానము ఇది. మొదట క్యాసెట్టు అంచుననున్న చిన్న మీటను జరిపి, పొరపాటున కొత్త దృశ్యము పడకుండ భద్రపరుపవలెను. కెమెరాను ఆపి తీగ కలిపి, పిమ్మట చార్జరుతో నడుపుచు, టేపును మొదటికి చుట్టవలెను. అటుపై కెమెరాను ప్లే స్థితిలో ఉంచి, కంప్యూటరునకు క్యాప్చర్ అను ఆజ్ఞ నీయవలెను. ఇచట తొందర పనికిరాదు. గంట టేపు చేరుటకు గంటయే పట్టును. సుమారు 13 గిగాబైట్ల స్థలము కావలసియుండును.

ఆలస్యమును తగదు. వి.హెచ్.ఎస్. యంత్రములను కడవరకు నిర్మించిన జపాను దేశపు ఫునాయి సంస్థ 2016లో వాని తయారీని నిలిపివేసెను. నేటి కంప్యూటర్లలో పెక్కింటికి ఫైర్‌వైర్ అమరికయే లేదు. టేపు చెడకున్నను, దానిని చదువు యంత్రము దొరకుట నానాటికి దుర్లభమగుచున్నది.

చేరిన ఫైలునకు రెండు ప్రతులు తీసి, వేర్వేరు చోట్ల దాచిన పిమ్మటనే కూర్పు ప్రారంభింపవలెను. నేడు విసుగు కలిగించు దృశ్యము, అనగా వంటల కడ కూర్చుండి మాటలాడుకొను ముసలివారు, పందిరి వెనుకనున్న పాత వీధి, రేపు అమూల్యము కావచ్చును. కావున కూర్పు ముగిసినను మూలప్రతిని తుడిచివేయరాదు.

విద్యార్థులారా! మీ ఇంట అట్టి క్యాసెట్టున్నచో, అందున్నవారెవరో పెద్దలనడిగి పేర్లను, సంవత్సరమును వ్రాసిపెట్టుడు. కంప్యూటరు బొమ్మను దాచగలదు. ఆ బొమ్మలోనివారు మనకేమగుదురో చెప్పగలవారు పెద్దలే.