పెద్ద టైర్ల మోజు... పాత పికప్‌కు పరీక్ష
ఎక్కడం కన్నా దిగడమే ముఖ్యం * సైజు మార్చేముందు ఆలోచించవలసిన సంగతులెన్నో

పాడేరు: వానలు వెనుకబట్టి కాఫీ కోతలు ఆరంభమయ్యే సమయానికి మన్యంలోని పికప్ వాహనాల యజమానులు టైర్ల దుకాణాల బాట పడతారు. నాలుగు నెలలపాటు కోసుకుపోయిన మట్టిరోడ్లపై తిరిగిన టైర్లు అప్పటికి అరిగి నున్నబడి ఉంటాయి. కాఫీ, మిరియాలు, పసుపు, అల్లం సంతలకు చేరాలంటే, అక్కడి నుంచి మైదానానికి దిగాలంటే వాటిని మార్చక తప్పదు. ఈ సందర్భంలో తరచూ వినబడే మాట ఒకటుంది. ‘ఎలాగూ మారుస్తున్నాం కదా, ఈసారి గాట్లున్నవి, ఒక సైజు పెద్దవి వేయిద్దాం’ అన్నదే ఆ మాట.

ఆలోచన తప్పు కాదు. అయితే పదేళ్లు దాటిన బండి విషయంలో గాట్లున్న టైరు వేయడం, పెద్ద టైరు వేయడం అన్నవి రెండు వేర్వేరు నిర్ణయాలు. మొదటిదానివల్ల మేలు ఎక్కువ, చిక్కులు తక్కువ. రెండోదానివల్ల ఒనగూరేది స్వల్పం. దాని వెంట వచ్చే ఇబ్బందులు మాత్రం బరువుతో పాడేరు, అనంతగిరి, లంబసింగి ఘాట్లు దిగే బండికి తేలికగా తీసుకోదగినవి కావు. దుకాణంలో రెండింటినీ కలిపి ఒకే మాటగా అమ్ముతుండటంతో కొనేవారికి ఈ తేడా తెలియడం లేదు.

గాట్లలో రకాలు

సాధారణంగా పికప్‌లకు వచ్చే టైర్లపై చుట్టూ నేరుగా సాగే లోతైన గీతలుంటాయి. తారురోడ్డుపై ఇవి చప్పుడు లేకుండా, తక్కువ రాపిడితో దొర్లుతాయి. ఎర్రమట్టి బురదలో మాత్రం నాలుగు చుట్లు తిరిగేసరికి ఆ గీతలు మూసుకుపోతాయి. ఇక టైరు ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది తప్ప బండి కదలదు.

ఆల్ టెరైన్ టైరుపై గీతలకు బదులు విడివిడిగా రబ్బరు దిమ్మెలు, వాటి మధ్య వెడల్పైన సందులు ఉంటాయి. టైరు తిరిగేకొద్దీ సందుల్లోని మట్టి విసిరివేయబడుతుంది. భుజాల వద్ద కూడా గాట్లుండటం వల్ల బండిబాట అంచులను పట్టుకొని పైకి రాగలదు. పక్కగోడలు దృఢంగా ఉండే రకమైతే రాళ్ల కోతలకు కొంత తట్టుకుంటుంది. టైరుమీద ‘ఏ/టి’ అన్న అక్షరాలు ఈ రకానికి గుర్తు.

ఇక ‘ఎం/టి’ అని ఉండే మడ్ టెరైన్ టైర్లు చూపులకు ట్రాక్టరు టైర్లను తలపిస్తాయి. కుర్రకారుకు వీటిపై మక్కువ ఎక్కువ. అచ్చమైన బురదలో వీటికి సాటి లేదన్నది నిజమే. కానీ మన్యంలో పికప్ తిరిగే దూరంలో అధిక భాగం తారురోడ్డే. అందులోనూ వానకో, మంచుకో తడిసిన తారురోడ్డు. దిమ్మెలు పెద్దవై, మధ్య ఖాళీలు ఎక్కువైనకొద్దీ నేలను తాకే రబ్బరు తగ్గుతుంది. తడి తారుపై బ్రేకు వేసినప్పుడు ఆ లోటు బయటపడుతుంది. ఊరి చివర అర కిలోమీటరు బురద కోసం ఘాట్‌లోని 20, 30 కిలోమీటర్ల పట్టును వదులుకోవడం తెలివైన బేరం కాదు. బరువు మోసే బండికి ఏ/టి రకమే సరైనది.

వెడల్పు గురించి కూడా ఒక అపోహ ఉంది. టైరు ఎంత వెడల్పైతే బురదలో అంత మంచిదని చాలామంది నమ్మకం. ఇసుకలో అది కొంతవరకు నిజం. అడుగున గట్టి నేల, పైన బెత్తెడు బురద ఉండే మన రోడ్లపై సన్నని టైరు బురదను చీల్చుకొని అడుగున ఉన్న గట్టి నేలను అందుకుంటుంది. వెడల్పైనది పైపైన తేలి పక్కకు జారుతుంది.

దక్కేది 15 మిల్లీమీటర్లు

పెద్ద సైజువల్ల బండి ఎంత లేస్తుందో లెక్క వేసి చూడవచ్చు. ఒకే పేరుగల పికప్‌కు కూడా తయారైన ఏడాదిని బట్టి, రకాన్ని బట్టి టైరు సైజు మారుతుంది కనుక ముందుగా తలుపు వద్ద స్టిక్కరునో, వాహనంతో వచ్చిన పుస్తకాన్నో చూసుకోవాలి. ఉదాహరణకు బొలెరో కుటుంబంలో వాడుకలో ఉన్న 215/75 ఆర్15 సైజును తీసుకుందాం. ఇందులో 215 అన్నది టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 75 అంటే పక్కగోడ ఎత్తు వెడల్పులో 75 శాతం అని అర్థం. 15 అన్నది రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. ఆ ప్రకారం టైరు మొత్తం ఎత్తు సుమారు 703 మిల్లీమీటర్లు.

పాత బండ్లకు ఎక్కువగా వేయించే పెద్ద సైజు 235/75 ఆర్15. దీని ఎత్తు సుమారు 733 మిల్లీమీటర్లు. తేడా 30 మిల్లీమీటర్లు. అయితే బండి లేచేది అందులో సగమే. ఇరుసు టైరు మధ్యలో ఉంటుంది కనుక 15 మిల్లీమీటర్లు, అంటే వేలి మందమంత ఎత్తు మాత్రమే దక్కుతుంది. వెనుక ఇరుసు మధ్యనుండే డిఫరెన్షియల్‌ను నేలకు ఎత్తుగా నిలపగలిగేది టైరు ఒక్కటేనన్న మాట నిజం. కానీ బండి అడుగుభాగం, తొట్టి కిందకు కుంగడమే సమస్య అయితే దానికి విరుగుడు టైరు కాదు. ఏళ్లతరబడి బరువు మోసి చదునైన కమాను కట్టలను బాగు చేయించడం. పాత బండి కమానుల్లో పోగొట్టుకున్న ఎత్తు చాలాసార్లు ఈ 15 మిల్లీమీటర్ల కన్నా ఎక్కువే ఉంటుంది.

టైరు ఎత్తు మార్పు 3 శాతం మించకుండా చూసుకోవాలని టైర్ల రంగంలో సాధారణంగా చెప్పే లెక్క. 235/75 సైజుతో మార్పు 4.3 శాతానికి చేరుతోంది. 225/75 ఆర్15 దొరికితే ఎత్తు 718 మిల్లీమీటర్లు, మార్పు 2.1 శాతం. హద్దులో ఉంటుంది. ఇక 31 అంగుళాల టైరు వేయాలన్న ఉబలాటం కొందరిలో ఉంది. దాని ఎత్తు 787 మిల్లీమీటర్లు, మార్పు దాదాపు 12 శాతం. బండిని పైకెత్తే మార్పులు చేయకుండా అది ఇమడదు. బరువు మోసే పాత పికప్‌కు ఆ ఊసే వద్దు.

దిగేటప్పుడే చిక్కు

టైరు పెద్దదైతే ఇంజను చేతికి పొడవైన బరువు తగిలించినట్లే. 4.3 శాతం పెద్ద టైరుతో చక్రం నేలను నెట్టే బలం సుమారు 4 శాతం తగ్గుతుంది. ఖాళీ బండిలో ఇది తెలియదు. తొట్టి నిండా బస్తాలతో హెయిర్‌పిన్ మలుపులో ఆగి మళ్లీ కదిలించవలసి వచ్చినప్పుడు తెలుస్తుంది. డ్రైవరు సగం క్లచ్‌పై బండిని నిలబెడతాడు, ప్లేటు కాలిన వాసన వస్తుంది. అరిగిన క్లచ్ ఉన్న బండికి ఈ మార్పు ఆఖరి దెబ్బ కావచ్చు.

అయినా ఎక్కలేకపోతే బండి ఆగుతుంది, అంతే. దిగేటప్పుడు అలా కాదు. ఘాట్‌లో అనుభవమున్న డ్రైవర్లు రెండో గేరులోనో, మూడో గేరులోనో వేసి ఇంజను పట్టుతో బండిని దించుతారు. బ్రేకును అవసరమైనచోటే వాడతారు. పెద్ద టైరుతో అదే గేరులో, అదే ఇంజను వేగానికి బండి 4 శాతం ఎక్కువ వేగంగా దిగుతుంది. ఇంజను పట్టు ఆ మేరకు సడలుతుంది. లోటును బ్రేకులు పూడ్చాలి. బ్రేకు డ్రమ్ములు, డిస్కులు పాతవే, చక్రం మాత్రం పెద్దది, బరువైనది. దాన్ని ఆపడానికి పెడల్‌ను మరింత గట్టిగా, మరింత సేపు తొక్కాలి. ఘాట్ కిందికి వచ్చేసరికి డ్రమ్ములు వేడెక్కి పట్టు తప్పే ప్రమాదం ఇక్కడే ఉంది. సంత రోజుల్లో ఆ తొట్టిలో సరుకుతోపాటు మనుషులు కూడా ఉంటున్నారన్నది ఎవరికీ తెలియని రహస్యం కాదు. నిబంధనలకు విరుద్ధమైన ఆ ప్రయాణం సాగుతున్నంతకాలం టైరు సైజు యజమాని సొంత వ్యవహారం కాజాలదు.

కనుక పెద్ద టైర్లకు డబ్బు పెట్టదలచినవారు అందులో కొంత తీసి ముందుగా బ్రేకు లైనింగులు, బ్రేకు ఆయిలు, చక్రాల బేరింగులు, స్టీరింగు జాయింట్లు చూపించుకోవడం శ్రేయస్కరం. స్టీరింగులో ఇప్పటికే ఆట ఉన్న బండికి బరువైన టైరు వేస్తే ఆ ఆట త్వరగా పెరుగుతుంది.

మీటరు చూపేది కూడా మారుతుంది. స్పీడోమీటరు 60 చూపినప్పుడు బండి వాస్తవంగా 62 దాటి 63కు చేరువలో ఉంటుంది. వెయ్యి కిలోమీటర్లు తిరిగితే మీటరు 959 మాత్రమే నమోదు చేస్తుంది. లీటరుకు పన్నెండున్నర వచ్చే బండి లెక్కకు పన్నెండే ఇచ్చినట్లు కనబడుతుంది. టైర్లు వేయగానే మైలేజీ పడిపోయిందని వాపోయేవారు ముందుగా ఈ లెక్క సరిచూసుకోవాలి. గాట్ల రాపిడివల్ల నిజంగా తగ్గేది దీనికి అదనం.

తగులుతుందా?

దుకాణంలో ఖాళీ బండికి టైరు బిగించి ‘సరిపోయింది’ అనడం పరీక్ష కాదు. స్టీరింగును పూర్తిగా ఎడమకు, పూర్తిగా కుడికి తిప్పి మడ్‌గార్డు లోపలి అంచు, ఛాసిస్, బ్రేకు గొట్టం వద్ద ఎంత ఎడం ఉందో చూడాలి. తరువాత మామూలుగా మోసే బరువు వేసి మళ్లీ చూడాలి. ఒక ముందు చక్రాన్ని రాతిమీదికి ఎక్కించి, అప్పుడు నెమ్మదిగా తిప్పి మూడోసారి చూడాలి. అంచులకు సుద్ద రాసి ఊరిలో నాలుగు మలుపులు తిప్పుకొస్తే టైరు తగిలినచోట తెల్లని చార పడుతుంది. మడ్‌గార్డు ప్లాస్టిక్కుకు తగిలితే కత్తిరించుకోవచ్చు. బ్రేకు గొట్టానికి తగిలితే మాత్రం ఆ టైరు ఆ బండికి పనికిరాదు. 235 సైజుకు రిమ్ము వెడల్పు కనీసం 6 అంగుళాలు ఉండాలి. సన్నని రిమ్ములున్న బండికి అది నప్పదు.

సైజు పక్కన మరో సంఖ్య, ఒక ఆంగ్ల అక్షరం ఉంటాయి. ఎవరూ పట్టించుకోని ఆ సంఖ్యే పికప్‌కు ప్రాణం. 100 అని ఉంటే టైరు 800 కిలోలు, 104 అని ఉంటే 900 కిలోలు మోయగలదని అర్థం. అక్షరం వేగానికి సంబంధించినది. కార్ల కోసం చేసిన ఏ/టి టైరు చూపులకు ఎంత దిట్టంగా ఉన్నా ఈ సంఖ్య పాత టైరుకన్నా తక్కువైతే కొనరాదు. తేలికపాటి ట్రక్కుల కోసం చేసిన ‘ఎల్‌టి’ రకం బరువుకు మేలైనది. అయితే అదే బరువుకు దానికి గాలి ఎక్కువ పెట్టవలసి ఉంటుంది. పాత అలవాటు కొద్దీ తక్కువ గాలితో నడిపితే పక్కగోడలు వేడెక్కి పాడవుతాయి.

చట్టం ఏమంటోంది?

మోటారు వాహనాల చట్టం-1988లోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదు. ఈ విషయాన్ని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. అదే ఏడాది సవరించిన 182ఏ సెక్షన్ కింద, అనుమతి లేని ఒక్కో మార్పుకు రూ.5 వేల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలుశిక్ష గానీ, రెండూ గానీ విధించవచ్చు. పాత సైజులోనే ఏ/టి రకం వేసుకుంటే ఈ బెడద లేదు. అదే మోడల్‌లోని మరో రకానికి కంపెనీయే పెద్ద సైజు ఇచ్చి ఉంటే అధీకృత డీలరు వద్ద ఆ వివరం రాతపూర్వకంగా తీసుకొని, రవాణా శాఖ కార్యాలయంలో ముందే అడగడం మంచిది.

ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ఏటా ఫిట్‌నెస్ పరీక్ష తప్పదు. టైరు గాట్ల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదన్న నిబంధన సరేసరి. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ తరఫు సర్వేయరు చూసేవాటిలో టైర్లూ ఉంటాయి. తెలియజేయని మార్పు పరిహారం విషయంలో వివాదానికి దారితీసే అవకాశం ఉంది.

కొనేటప్పుడు

మైదాన ప్రాంత పట్టణాల్లో పెద్ద బండ్ల నుంచి తీసిన పాత ఏ/టి టైర్లు చవకగా దొరుకుతుంటాయి. వాటి పక్కగోడపై తయారీ తేదీని సూచించే నాలుగు అంకెలుంటాయి. 2319 అంటే 2019 సంవత్సరం 23వ వారం. గాట్లు నిండుగా ఉన్నా పక్కగోడపై సన్నని బీటలు కనిపిస్తే ఆ రబ్బరు ముదిరిపోయినట్లే. కొత్తవాటిపై ఐఎస్ఐ గుర్తు ఉండాలి.

నాలుగూ ఒకేసారి కొనే స్తోమత లేనివారు పాత సైజులో రెండు ఏ/టి టైర్లు తెచ్చి వెనుక వేసుకోవడం ఉత్తమం. కొత్తవి ముందు వేయాలన్నది మన వాడుక. కానీ ఎక్కువ పికప్‌లను నెట్టేవి వెనుక చక్రాలే. తడి మలుపులో వెనుక భాగం జారితే బండిని తిరిగి అదుపులోకి తేవడం కష్టం. నాలుగు చక్రాలకూ శక్తి అందే ఫోర్ వీల్ డ్రైవ్ బండికి మాత్రం ఈ సర్దుబాటు కుదరదు. నాలుగూ ఒకే సైజు, ఒకే రకం, దాదాపు ఒకే అరుగుదలలో ఉండాలి. లేకుంటే గేర్ల పెట్టెపై అనవసరపు ఒత్తిడి పడుతుంది.

సైజు మార్చేవారు మరచిపోయేది స్టెప్నీ. అయిదో టైరుకు డబ్బు చాలదని పాతదే ఉంచేస్తారు. దారిలో పంక్చరై వెనుక ఒక పక్క పెద్దది, మరో పక్క చిన్నది తిరిగితే డిఫరెన్షియల్ నిరంతరం ఆ తేడాను సర్దుతూ అరుగుతుంది. పంక్చర్ షాపు వరకు నెమ్మదిగా వెళ్లడానికి తప్ప అది పనికిరాదు. పైగా పెద్ద స్టెప్నీ తొట్టి కిందనుండే చోటులో పట్టకపోవచ్చు. అది కూడా డబ్బు చెల్లించకముందే బిగించి చూసుకోవాలి. టైర్లు మార్చాక వీల్ అలైన్‌మెంట్ చేయించి, వంద కిలోమీటర్లలోపు చక్రాల నట్లను ఒకసారి మళ్లీ బిగించుకోవాలి.