తాడు ఎవరు పట్టుకుంటారు?

రామనగర దగ్గర రాళ్ళెక్కి వస్తున్నానని తెలిసినప్పటి నుంచి క్లాసులో ఒకటే ప్రశ్నలు. భయం వేయదా, చేతుల్లో అంత బలం ఎక్కడిది, మమ్మల్నీ తీసుకెళ్తావా అని. మా అమ్మ మాత్రం ఇవేవీ అడగలేదు. "నువ్వు పైనుంటే కింద తాడు ఎవరు పట్టుకుంటారే?" అంది. రాక్ క్లైంబింగ్‌కి డబ్బు కట్టే ముందు అందరూ అడగాల్సిన ప్రశ్న అదే.

ముందు కొండల సంగతి. బెంగళూరు నుంచి మైసూరు రోడ్డులో దాదాపు 50 కిలోమీటర్లు వెళ్తే రామనగర. 1975లో వచ్చిన 'షోలే'లో గబ్బర్ సింగ్ తిరిగిన రాళ్ళు ఇవే. మాగడి వైపు సుమారు 60 కిలోమీటర్లు వెళ్తే సావనదుర్గ. సముద్రమట్టానికి 1,226 మీటర్ల ఎత్తున్న ఏకశిల అది. దానికి రెండు శిఖరాలు: కరిగుడ్డ, బిళిగుడ్డ. మనింట్లో గుడ్డ అంటే బట్ట. కన్నడంలో మన గుట్టే. అంటే నల్లగుట్ట, తెల్లగుట్ట అన్నమాట.

ఈ రాయి సుమారు 250 కోట్ల ఏళ్ళనాటి గ్రానైట్. రామనగర పాత పేరు క్లోజ్‌పేట కాబట్టి భూగర్భ శాస్త్రంలో దీన్ని ఇప్పటికీ క్లోజ్‌పేట గ్రానైట్ అంటారు. భూమి లోపల నిదానంగా చల్లారడం వల్ల ఇందులో గింజలు పెద్దవి. పైనున్న మట్టీ రాళ్ళూ కొట్టుకుపోయాక, బరువు తగ్గి, ఉల్లిపాయ పొరల్లా పెచ్చులూడింది. అందుకే ఇక్కడ గుండ్రటి బోడికొండలు. ఆ గింజల గరుకే మనకు మెట్టు. సావనదుర్గ వాలులో చాలాచోట్ల చేతికి పట్టు దొరకదు. రబ్బరు అడుగున్న బూటును రాయికి ఆనించి, మడమ కాస్త దించి, ఒంటి బరువంతా కాళ్ళ మీద వేసి ఎక్కాలి. కొత్తవాళ్ళు భయంతో రాయిని కరుచుకుంటారు. అలా వాలితే పాదాన్ని రాయికి అదిమే బలం తగ్గి కాలు జారుతుంది. కాబట్టి చేతుల బలం కంటే కాళ్ళ మీద నమ్మకం ముఖ్యం.

ఇక తాడు. కొత్తవాళ్ళను ఎక్కించే పద్ధతిని టాప్ రోప్ అంటారు. తాడు ఒక కొస ఎక్కే మనిషి నడుముకున్న హార్నెస్‌కి ఎనిమిది అంకె ముడితో కట్టి ఉంటుంది. అక్కడి నుంచి పైనున్న యాంకర్‌కి వెళ్ళి, తిరిగి కిందికొచ్చి, బిలేయర్ దగ్గరున్న చిన్న పరికరంలోంచి పోతుంది. ఎక్కే మనిషి ఒక్కో అడుగు వేస్తుంటే బిలేయర్ తాడు వదులు లాగుతూ ఉంటుంది. కాలు జారితే ఆ పరికరంలో తాడు మడత పడి బిగుసుకుంటుంది. కాస్త సాగే గుణమున్న తాడు కాబట్టి నడుముకు పెద్ద కుదుపు తగలదు. అయితే మామూలు బిలే పరికరం తనంతట తాను ఆపదు. తాడు కింది కొస మీద బిలేయర్ చెయ్యి ఉంటేనే ఆపుతుంది. ఆ చెయ్యి ఫోన్ తీసుకోవడానికి కూడా వదలకూడదు.

తాడును కలిపే ఇనపకొక్కెం లాంటిదాన్ని కారాబైనర్ అంటారు. పొడవునా లాగితే అది సుమారు 2,000 కిలోల బరువు తట్టుకోవాలని ప్రమాణం. మూత తెరుచుకుంటే దాని బలం మూడో వంతుకు పడిపోతుంది. అందుకే మూత మర బిగించారా లేదా అని ఇద్దరూ ఒకరిది ఒకరు తడిమి చూడాలి.

డబ్బు కట్టే ముందు ఇవి అడగండి. తాడు ఎవరు పట్టుకుంటారు, వాళ్ళు ఎక్కడ నేర్చుకున్నారు? యాంకర్ కనీసం రెండు వేర్వేరు చోట్ల కట్టారా? ఎక్కేవాళ్ళకీ, కింద నిలబడ్డవాళ్ళకీ హెల్మెట్ ఉందా? అటవీ శాఖ అనుమతి ఉందా? దెబ్బ తగిలితే బండి ఎక్కడుంది, ఆసుపత్రి ఎంత దూరం? "అవన్నీ మేం చూసుకుంటాం మేడమ్" అనేది జవాబు కాదు. ఒక ఆదివారం ఒకచోట నాకు అదే జవాబొచ్చింది. నేను ఎక్కకుండా తిరిగొచ్చేశాను.

కొండకూ కొన్ని నియమాలున్నాయి. వాన పడితే గ్రానైట్ మీద నల్లటి చారలు సబ్బులా జారతాయి. ఆ రోజు ఇంట్లో ఉండటమే మేలు. రాతి అంచులకు పెద్ద తేనెపట్టులు వేలాడుతుంటాయి. పొగ, అరుపులు, ఘాటైన సెంటు వద్దు. రామదేవర బెట్టను 2012లో రాబందుల అభయారణ్యంగా ప్రకటించారు. రాబందు ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది, అదీ కొండ అంచునే. ఆ రాయి వాటిదని వదిలేయాలి.

ఇది మగపిల్లల ఆట అనేవాళ్ళకు ఒక్క మాట. 2014 మే 25న, పద్నాలుగేళ్ళు కూడా నిండకుండా ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ హైదరాబాద్ దగ్గర భువనగిరి కొండ మీదే రాళ్ళెక్కడం నేర్చుకుంది. అదీ మన సావనదుర్గలాంటి ఏకశిలే.

మాతో వస్తామన్నవాళ్ళు డిపార్ట్‌మెంట్‌లో నాకు పేర్లివ్వండి. మొదటి రోజు ఎవరూ కొండ ఎక్కరు. ముడి వేయడం, తాడు పట్టడం నేర్చుకుంటారు. అది వచ్చాకే కొండ.