చావింటికి వెళ్లేటప్పుడు కాళ్లకేం వేసుకోవాలి?

పోయిన వేసవిలో ఇక్కడ బరంపురంలో మన సంఘం పాత సభ్యులొకరు కాలం చేశారు. శవం లేచేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. పాడె వెంట నడిచినవారిలో డెబ్బై ఏళ్లు దాటిన మరో సభ్యులున్నారు. స్నేహితుడి మీద గౌరవంతో చెప్పులు ఇంటి దగ్గరే వదిలేసి వట్టి కాళ్లతో వచ్చారు. ఆయనకు పాతికేళ్లుగా షుగరు. శ్మశానం చేరినా కాళ్లు కాలిన సంగతి ఆయనకు తెలియలేదు. స్నానం దగ్గర పక్కవారు చూసి, అరికాళ్లు బొబ్బలెక్కాయని చెప్పారు. పుండు మానడానికి మూడు నెలలు పట్టింది. ఒక వేలు తీసేయాల్సి వచ్చింది.

చావు కబురు వచ్చినప్పుడు చెప్పుల మాట ఎత్తితే బాగుండదు. అందుకే ఏ ఇంటా కష్టం లేని రోజున ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

వట్టి కాళ్లతో ఎవరు నడవాలి?

మేము చూసిన మన కుటుంబాల్లో చెప్పులు విడవాలన్న నియమం ముఖ్యంగా కర్తకు. పాడె మోసేవారూ విడుస్తారు. వెంట వచ్చే బంధుమిత్రులు ఇంట్లోకి వెళ్లేటప్పుడు, శవానికి దండం పెట్టేటప్పుడు, చితి దగ్గర విడిస్తే మర్యాదకు లోటు లేదు. దారంతా వట్టి కాళ్లతో నడవక్కర్లేదు. పోయినవారి పేరిట మనం గొడుగు, చెప్పులు దానం ఇస్తాం. యమలోకం దారిలో ఎండకు, ముళ్లకు బాధపడకూడదనే కదా! పోయినవారి కాళ్ల గురించి అంత ఆలోచించే మనం, బతికున్నవారి కాళ్ల గురించి ఆలోచిస్తే తప్పేముంది?

షుగరున్నవారు మరీ జాగ్రత్త

మే నెలలో ఎండ 40 డిగ్రీలుంటే తారురోడ్డు 60 దాటడం మామూలే. చాలాకాలంగా షుగరున్నవారికి పాదాల నరాలు దెబ్బతిని స్పర్శ తగ్గుతుంది. కాలినా, ముల్లు గుచ్చుకున్నా తెలియదు. వారు డాక్టరు చెప్పిన మెత్తటి ఎం.సి.ఆర్. చెప్పులుంటే అవే వేసుకురావాలి. చెప్పులు విడవాల్సిన చోట నీడన నిలబడాలి. ఇంటికొచ్చాక అరికాళ్లు, వేళ్ల సందులు ఎవరిచేతనైనా చూపించుకోవాలి.

కర్తకే షుగరుంటే పురోహితులను ముందుగానే అడగండి. మొన్న ఒక ఇంట్లో మేము అడిగితే, తోలు లేని గుడ్డ చెప్పులకు ఆయన అభ్యంతరం చెప్పలేదు. శ్మశానం దాకా కర్తను బండిలో తీసుకెళ్లాం. చితి చుట్టూ తడిపిన గోనెపట్టాలు పరిచాం. ఏ లోటూ లేకుండా కార్యం జరిగింది.

ఎలాంటివి వేసుకోవాలి?

నలుపు, గోధుమ వంటి సాదా రంగువి, అలవాటైనవి వేసుకోండి. కొత్త జోడు ఆ రోజు తీయకండి, మడమ ఒరుసుకుపోతుంది. ఒకటికి నాలుగుసార్లు విప్పి తొడగాలి కనుక లేసుల బూట్లు, మేజోళ్లు వద్దు. తిరిగొచ్చాక చెప్పులు కడగాలి కాబట్టి తోలుకన్నా రబ్బరు నయం. కానీ అరిగిన హవాయి చెప్పులు తడి గచ్చు మీద జారతాయి. స్నానాల దగ్గర పెద్దవాళ్లు పడేది అందుకే. అడుగున గాట్లుండి, వెనక పట్టీ ఉన్న రబ్బరు శాండల్స్ అన్నింటికీ పనికొస్తాయి.

ఇచ్ఛాపురం, సోంపేట, పలాస వైపు సొంతూళ్లకు వెళ్లేవారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. పల్లెల్లో శ్మశానం దారిలో పల్లేరుకాయలు, తుమ్మముళ్లు ఉంటాయి. పలచటి అడుగు ఆగదు. రైల్లో గంటల తరబడి కూర్చుంటే పాదాలు వాస్తాయి కనుక కాస్త వదులుగా ఉన్నవే వేసుకోండి.

ఆడవారు గంటల తరబడి కింద కూర్చుని లేచి, వీధి చివరిదాకా నడుస్తారు. కాళ్లు తిమ్మిరెక్కి ఉంటాయి. ఎత్తు మడమల చెప్పులు ఆ రోజుకు పక్కన పెట్టండి.

గుమ్మం దగ్గర

చావింటి ముందు చెప్పుల గుట్టలో అన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఎవరివో వేసుకుపోయేవారుంటారు, చివరికి ఒక ముసలాయన వట్టి కాళ్లతో మిగులుతారు. మీ జోడును ఒక చేతిసంచిలో పెట్టుకోండి, లేదా పట్టీకి రంగుదారం కట్టుకోండి. ఇంటివారికి ఇవన్నీ చూసే తీరిక ఉండదు. పక్కింటివారే రెండు కుర్చీలు గుమ్మం దగ్గర వేస్తే పెద్దవాళ్లు కూర్చుని విప్పుకుంటారు, తొడుక్కుంటారు.

ఈ వేసవి నుంచి సంఘం గదిలో 6 నుంచి 10 సైజుల దాకా రబ్బరు శాండల్స్ కొన్ని జతలు ఉంచుతున్నాం. ఆఫీసు నుంచి, రైలు నుంచి నేరుగా వచ్చేవారు అడిగి తీసుకోవచ్చు. శ్మశానానికి వేసుకెళ్లినవి తిరిగివ్వడానికి కొందరు మొహమాటపడతారు. కడిగి తెచ్చిస్తే చాలు, మేము తీసుకుంటాం. తేవడం ఇష్టం లేకపోతే మీరే ఉంచుకోండి. వేలు పోగొట్టుకున్న మా సభ్యులే మొదటి రెండు జతలు కొనిచ్చారు.