బల్బు ధర ఒక లెక్క, బిల్లు ఒక లెక్క

బ్యాంకులో ముప్పై ఏళ్ళు అప్పులిచ్చి వసూలు చేసినవాణ్ణి కనుక, దేనినైనా ముందు లెక్కలోకి దించి చూడడం అలవాటైపోయింది. 60 వాట్ల పాత బల్బు రోజుకు 5 గంటలు వెలిగితే నెలకు 9 యూనిట్లు కాలుతుంది. అంతే వెలుగునిచ్చే 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బుకు యూనిట్టున్నర కూడా పట్టదు. యూనిట్ 6 రూపాయలనుకుంటే నెలకు 45 రూపాయల మిగులు. వంద రూపాయల బల్బు మూడు నెలలు తిరగకుండానే తన ఖరీదు తాను రాబట్టుకుంటుంది. ఏ ఫిక్సెడ్ డిపాజిట్ ఇస్తుంది చెప్పండి, ఈ వడ్డీ?

అయినా జనం చాలాకాలం కొనలేదు. ఒక్కసారిగా చేతిలోంచి పోయే డబ్బు కనబడుతుంది, నెలనెలా కొంచెం కొంచెంగా కారిపోయేది కనబడదు. బెంగుళూరులో బెస్కామ్ ఈ చిక్కును 2004 చివరలోనే పట్టుకుంది. సి.ఎఫ్.ఎల్. దీపాన్ని వాయిదాలపై తీసుకుని, ఆ వాయిదాను కరెంటు బిల్లుతోపాటే కట్టే వీలు కల్పించింది. తగ్గిన బిల్లులోంచే వాయిదా వెళ్ళిపోతుందన్నమాట. ఇలాంటి అప్పు మొండి బాకీ కావడం కష్టం!

తరువాతి అడుగు మన యానాం ఉన్న పుదుచ్చేరి ప్రాంతంలో 2014లో పడింది. కేంద్ర ప్రభుత్వరంగ సంస్థలు కలిసి నెలకొల్పిన ఇ.ఇ.ఎస్.ఎల్. లక్షల సంఖ్యలో బల్బులకు టెండర్లు పిలిచింది. పెళ్ళికి బియ్యం బస్తాల లెక్కన బేరమాడే పద్ధతే ఇది. ఆ ఏడాది మొదట్లో 310 రూపాయలున్న కొనుగోలు ధర మూడేళ్ళలో 38కి దిగింది. 2015 జనవరి 5న పథకం దేశమంతటికీ వచ్చింది, తరువాత 'ఉజాలా' అయింది. కర్ణాటకలో దానినే 'హొస బెళకు' అన్నారు. చాలాచోట్ల ముందు 10 రూపాయలు కట్టి, మిగతాది బిల్లులో తీర్చే వీలుండేది. సబ్సిడీ లేకుండానే 36 కోట్లకు పైగా బల్బులు పంచారు.

మిగిలిన చిక్కు వఠారాల్లో ఉంది. మెయిన్ మీటరు యజమానిది, కరెంటుకు నెలకింత అని అద్దెలో కలిపేస్తారు. అద్దెకున్నవాడు సొంత డబ్బుతో మంచి బల్బు వేస్తే లాభం యజమానికి. ఇక వాడెందుకు వేస్తాడు? మన సంఘ సభ్యుల్లో ఇళ్ళు అద్దెకిచ్చేవారు తక్కువేమీ కాదు. బల్బులు వారే వేయించాలి, లేదా ఒక్కొక్క వాటాకు సబ్‌మీటరు పెట్టించి చదివిన యూనిట్లకే డబ్బు తీసుకోవాలి. మెట్ల దగ్గర, నూతి దగ్గర రాత్రంతా వెలిగే దీపాలతో మొదలుపెడితే ఫలితం మొదటి బిల్లులోనే తెలుస్తుంది.

పూజగదిలో ఆ తెల్ల వెలుగు బాగుండదని మా పిన్నిగారి ఫిర్యాదు. పసుపు ఛాయ ఎల్.ఇ.డి.లూ దొరుకుతాయి, అడిగి తీసుకోవాలి. కొనేటప్పుడు వాట్లొక్కటే కాక, పెట్టెమీద ల్యూమెన్లు ఎన్నో, నక్షత్రాల లేబుల్ ఉందో లేదో చూడండి. రసీదు దాచండి. గ్యారంటీ గడువులోపల ఆరిపోతే మార్చి ఇవ్వమని అడగడానికి అదే ఆధారం.