సాయం ఒక్కటే చాలదు, పెత్తనం వాళ్ల చేతికి రావాలి

నూర్పిడి మిషనులో చెయ్యి పోగొట్టుకున్న కూలీ, తాటిచెట్టు మీంచి పడి నడుం విరిగిన గీత కార్మికుడు, నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడు నీళ్లు తాగి ఎముకలు వంకర్లుపోయిన పేదరైతు - వీళ్లంతా శ్రమజీవులే. వైకల్యం వచ్చిన మర్నాటి నుంచి ఊరు మాత్రం వాళ్లను కూలీలుగా లెక్కెయ్యదు. ‘అయ్యో పాపం’ అంటుంది. ఎప్పుడు తినాలో, ఎప్పుడు నీళ్లు పోసుకోవాలో, పెన్షను డబ్బు దేనికి ఖర్చుపెట్టాలో ఇంకొకరు తేలుస్తారు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షల మంది. వాళ్లలో నూటికి 69 మంది పల్లెటూళ్లవాళ్లే. కనుక ఇది పట్నాల్లో సభలు పెట్టి మాట్లాడుకునే విషయం మాత్రమే కాదు, వ్యవసాయ కార్మికుల సమస్య.

సాయం తీసుకునే మనిషి మాటే చెల్లాలని ఇంగ్లండులో ఒక పోరాటం జరిగింది. మన కూలీలు తెలుసుకోదగ్గ పోరాటం అది. హాంప్‌షైర్ ప్రాంతంలో లీ కోర్ట్ అనే ఆశ్రమం 1948లో మొదలైంది. అందులో వికలాంగులకు తిండీ బట్టా దొరికేవి. కాని రాత్రి ఎన్నింటికి పడుకోవాలో కూడా పైవాళ్లే చెప్పేవారు. దానిమీద అక్కడివాళ్లు తిరగబడ్డారు. ఆ ఆశ్రమంలో ఏళ్ల తరబడి ఉన్న పాల్ హంట్ 1972లో గార్డియన్ పత్రికకు ఉత్తరం రాసి, వికలాంగులు సంఘంగా ఏర్పడాలని పిలుపిచ్చాడు. సంఘం పుట్టింది. 1979లో లీ కోర్ట్‌లోనే జాన్ ఎవాన్స్ మొదలైనవాళ్లు ‘ప్రాజెక్ట్ 81’ పేరుతో ఒక్కటయ్యారు. 1981 అంతర్జాతీయ వికలాంగుల సంవత్సరం గనక ఆ పేరు పెట్టుకున్నారు.

వాళ్ల కోరిక సూటిగా ఉంది. తమ పేరున ఆశ్రమానికి కడుతున్న డబ్బు తమకే రావాలి, తాము సొంత ఇళ్లల్లో ఉండాలి, సాయపడే మనిషిని తామే పెట్టుకుని, పని తామే చెప్పి, జీతం తామే ఇవ్వాలి. అప్పటి చట్టం వికలాంగుడి చేతికి నేరుగా డబ్బివ్వడానికి ఒప్పుకోదు. అయినా వాళ్లు వదల్లేదు. అధికారులతో బేరమాడి, ఆ డబ్బు ఆశ్రమం ద్వారానే తమకు చేరే దారి కనిపెట్టారు. 1980ల మొదట్లో బయటికొచ్చి సొంత ఇళ్లల్లో కాపురాలు పెట్టారు. నేరుగా డబ్బిచ్చే చట్టం 1996లో వచ్చింది.

ఇందులో మనకు రెండు పాఠాలున్నాయి. ఒకటి: ఇంకొకరి సాయం కావడం వేరు, ఇంకొకరి కింద బతకడం వేరు. మోతుబరి తన వంట తాను వండుకోడు, తన పొలం తాను దున్నుకోడు. అయినా అతన్ని ఎవరూ పరాధీనుడనరు. ఎందుకని? పని చెప్పే అధికారం, కూలిచ్చే డబ్బు అతని చేతిలో ఉన్నాయి గనక. పేద వికలాంగుడికి లేనిది కాలో చెయ్యో మాత్రమే కాదు, ఆ అధికారం, ఆ డబ్బూ కూడాను.

రెండు: హక్కు కాగితం మీద ఉంటే చాలదు, బడ్జెట్టులో ఉండాలి. ఎక్కువ సాయం కావలసినవాళ్ల కోసం 1988లో పెట్టిన ‘ఇండిపెండెంట్ లివింగ్ ఫండ్’ అనే నిధిని బ్రిటన్ ప్రభుత్వం 2015 జూన్ 30న మూసేసింది. పోరాడి తెచ్చుకున్నదాన్ని కాపాడుకోడానికి మళ్లీ పోరాడాల్సొచ్చింది.

మరి మన దేశంలో? ఎక్కడ, ఎవరితో బతకాలో ఎంచుకునే హక్కు వికలాంగులకుందని చెప్పే ఐక్యరాజ్యసమితి ఒడంబడికను మన ప్రభుత్వం 2007లో ఆమోదించింది. 2016 చట్టం 24వ సెక్షనులో సహాయకుల భత్యం మాట ఉంది. కాని ‘ఆర్థిక స్తోమత మేరకు’ అని ముందే ఒక మెలిక పెట్టారు. 38వ సెక్షను ప్రకారం 40 శాతం, అంతకు మించి వైకల్యమున్న మనిషి ఎక్కువ సాయం కావాలని తానే దరఖాస్తు పెట్టుకోవచ్చు. 37వ సెక్షను సాగుభూమి, ఇళ్ల కేటాయింపులో 5 శాతం ఇమ్మంటోంది, అందులో స్త్రీలకు ముందు చోటివ్వమంటోంది. ఈ సెక్షన్ల సంగతి చెప్పేవాళ్లు మేం తిరిగే ఊళ్లల్లో అరుదు.

కేంద్రం పెన్షనును 2012లో 300 రూపాయలు చేశారు. అదీ 80 శాతం వైకల్యముండి, దారిద్ర్యరేఖ దిగువనున్నవాళ్లకే. తెలంగాణలో 2023లో 4,016 రూపాయలు, ఆంధ్రలో 2024లో 6,000 రూపాయలు చేశారు. పక్షవాతంతో మంచం పట్టినవాళ్లకు ఆంధ్రలో 15,000. ఇది మంచిదే. కాని 2025లో అక్కడే పెన్షనుదారులను మళ్లీ పరీక్షలకు రమ్మని, ఎందరికో నోటీసులిచ్చారు. దయగా ఇచ్చినదాన్ని ఏ రోజైనా లాక్కోవచ్చు. హక్కుగా తెచ్చుకున్నదాన్ని లాక్కోవడం అంత తేలిక కాదు.

ఇంకో మాట. మన ఇళ్లల్లో ఈ సాయం చేసేదెవరు? తల్లి, భార్య, కోడలు. నాట్ల కాలంలో ఆమె ఇంట్లో ఉండిపోతే పోయిన కూలి ఎవరిస్తారు? వికలాంగుడి స్వేచ్ఛ ఒక ఆడకూలీ వెట్టిచాకిరీ మీద నిలబడకూడదు. సాయం చేసేది ఇంటి మనిషైనా, పై మనిషైనా, అదీ పనే. దానికీ కనీస కూలి ఉండాలి. ఆ డబ్బు సర్కారు ఇవ్వాలి, అది వికలాంగుడి చేతి మీదుగా అందాలి.

కనుక గ్రామ సంఘాలు ఈ డిమాండ్లను ముందుకు తేవాలి: సహాయకుల భత్యం కనీస కూలికి తగ్గకుండా ఇవ్వాలి. పెన్షను వికలాంగుల సొంత ఖాతాలోనే పడాలి, ఖర్చు వాళ్ల ఇష్టప్రకారమే జరగాలి. పంచే భూమిలో 5 శాతం లెక్క చూపాలి.

డిమాండ్లతో పాటు మన నడత కూడా ఉండాలి. వికలాంగుల ఇంటికి వెళ్లిన కార్యకర్త ‘మీవాడికేం కావాలి’ అని ఇంటివాళ్లను అడగడం కాదు. ఆ మనిషి పక్కన కూర్చుని, ‘నీకేం కావాలి’ అని అతన్నే అడగాలి. మాట రానివాళ్లయితే వాళ్ల సైగ తెలుసుకోవాలి. సంఘం కమిటీలో వాళ్లకు చోటుండాలి. మన కూలిరేటు మనల్ని అడక్కుండా ఎవరూ ఖాయం చెయ్యగూడదంటున్నాం గదా! వాళ్ల బతుకు వాళ్లనడక్కుండా ఖాయం చెయ్యడం మాత్రం ఏం న్యాయం?