క్షేమవార్త

ఆపద కలిగిన చోట మనుష్యునకు త్రాగునీరు, ఆహారము, తలదాచుకొను చోటు కావలెనని అందరు నెరుగుదురు. వీనితోపాటు నాల్గవ అవసర మొకటి కలదు. తనవారు క్షేమముగ నున్నారో లేదో తెలియుటయే అది. మొదటి మూడును శరీరమును నిలుపును. నాల్గవది మనస్సును నిలుపును. ఆప్తుల జాడ తెలియనివాడు అన్నము ముందున్నను ముద్ద యెత్తలేడు; పడక యున్నను కన్ను మూయలేడు. కావున తుఫాను వెలసిన పిదప మిత్రుల, బంధువుల యోగక్షేమములు విచారించుట గొప్ప సహాయకార్యము. ఆ కార్యమునకును ఒక పద్ధతి కలదు.

ఈ మాటను పెద్దపల్లి జిల్లా బొగ్గుగనుల వారికి వేరుగ చెప్పనక్కరలేదు. భూగర్భ గనిలోనికి దిగు కార్మికుడు ముందుగ మస్టరు వేయించుకొనును. ల్యాంపురూములో తన పేర నున్న టోపీదీపమును తీసికొనును. షిఫ్టు ముగిసి పైకి వచ్చిన పిదప దానిని మరల అచటనే అప్పగించును. ఏ దీపమైనను తిరిగి రాకున్నచో, దాని మనుష్యుడు ఇంకను లోపల నుండవచ్చునని పైవారు గ్రహింతురు. వెంటనే అతనికొరకు వెదకుదురు. 2003 జూన్ 16వ తేదీన గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు చొచ్చుకొని వచ్చి 17 మంది కార్మికులు మరణించిరి. లోపలివారి వార్తకై పైన వేచియుండుట ఎట్టిదో ఆ ప్రాంతము ఎరుగును. ఎవరు వచ్చిరి, ఎవరు రాలేదు అని లెక్క చూచుటయే రక్షణకు మొదటి మెట్టు. గనికి చెల్లిన ఈ నియమమే తుఫానునకును చెల్లును.

పెద్దపల్లికి సముద్రతీరము మూడువందల కిలోమీటర్లకు పైగా దూరమున నున్నది. అయినను సింగరేణి గనులలోను, రామగుండము విద్యుత్కేంద్రములలోను పనిచేయుటకు పలు జిల్లాలనుండి వచ్చి స్థిరపడిన కుటుంబములు ఇచట కలవు. కోస్తాలో తుఫాను వీచిన రాత్రి వారిలో తీరవాసుల బంధువులైన వారికి కునుకు పట్టదు. వారి భయము నిరాధారము కాదు. తుఫాను స్వభావము తెలిసినచో ఈ సంగతి బోధపడును.

సముద్రజలము 26 డిగ్రీల సెంటీగ్రేడునకు మించి వెచ్చబడినప్పుడు దాని ఆవిరి మెండుగ పైకెగసి, చల్లబడి మేఘమగును. అట్లగునపుడు ఆ ఆవిరి తనలోని వేడిమిని విడుచును. ఆ వేడిమిచే గాలి మరింత తేలికయై పైకి లేచును. క్రింద పీడనము తగ్గును. చుట్టుపట్ల గాలి ఆ చోటికి పరుగెత్తును. భూభ్రమణము వలన అది తిన్నగ పోక సుడి తిరుగును. ఇట్టి సుడి బలపడినచో తుఫాను అగును. తీరమును సమీపించునపుడు ఆ గాలి సముద్రజలమును ముందునకు నెట్టును. తీరమున లోతు తక్కువైనచో ఆ నీరు పోవు దారి లేక ఉబ్బి నేలపై బడును. దీనినే ఉప్పెన యందురు. తుఫానులలో గాలికంటె ఉప్పెనయే పెక్కుమారులు హెచ్చు ప్రాణములను బలిగొన్నది.

కృష్ణానది సముద్రమున కలియుటకు ముందు పాయలుగ చీలును. ఆ పాయల నడుమ నున్న పల్లపు నేలయే దివిసీమ. 1977 నవంబరు 19వ తేదీన అచట ఉప్పెన ఐదు మీటర్ల యెత్తున లేచి, మైళ్ల కొలది దూరము లోపలికి చొచ్చుకొని పోయెను. సొర్లగొంది వంటి తీరగ్రామములు తుడిచిపెట్టుకొని పోయినవి. ప్రభుత్వ లెక్కలననుసరించియే మృతుల సంఖ్య పదివేలకు చేరువయైనది. తంతి తీగెలు తెగినవి. దారులు మూసికొని పోయినవి. అందుచే జరిగిన నష్ట మెంతయో బయటి ప్రపంచమునకు వెంటనే తెలియరాలేదు. వార్త ఆలస్యమైనచో సహాయమును ఆలస్యమగును. అవనిగడ్డ శాసనసభ్యులైన మండలి వెంకటకృష్ణారావుగారు మొదలగువారు పీడితులను ఆదుకొని, గ్రామములను తిరిగి నిలుపుటకు పూనుకొనిరి.

1990 మే 9వ తేదీన అంతటి బలమైన తుఫాను మరియొకటి కృష్ణా ముఖద్వారముల సమీపమున తీరము దాటినది. ఈసారి హెచ్చరిక ముందే అందినది. ఆరులక్షల మందికి పైగా ప్రజలను సురక్షిత స్థలములకు తరలించిరి. మృతుల సంఖ్య వేయికి లోపుననే నిలిచినది. ముందుజాగ్రత్త వలన కలుగు మేలునకు ఇది నిదర్శనము. అయితే లక్షల మంది ఇండ్లు విడిచి శిబిరములలో చెదరియున్నప్పుడు, ఎవరెచట నున్నారో తెలియుట మునుపటికంటె అవసరమగును. శిబిరమున పేర్లు వ్రాసికొనుట ఇందుకొరకే. గనిలో మస్టరు చేయు పనిని శిబిరమున ఆ పట్టిక చేయును.

చేతిలో సెల్‌ఫోను ఉండగా ఈ చింత ఏల యని కొందరనుకొందురు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణమును తాకినపుడు విద్యుత్తుతోపాటు ఫోనులును మూగవోయినవి. సెల్‌టవరునకు విద్యుత్తు ఆగినచో, దాని బ్యాటరీ కొన్ని గంటలు మాత్రమే పనిచేయును. చెట్లు కూలినచోట కేబుళ్లు తెగును. మిగిలిన టవర్లపై అందరు నొక్కమారే పిలుచుటచే దారి కిక్కిరియును. అట్టి సమయమున మాట పోకున్నను చిన్న సందేశము పోవచ్చును. దానికి కావలసిన చోటు మిక్కిలి తక్కువ. కావున మరల మరల పిలుచుటకంటె నాలుగు మాటల సందేశము పంపుట మేలు. పూర్వము తంతి పంపువారు మాటకు మాట లెక్కించి వ్రాసెడివారు. 2013 జూలైలో మన దేశమున తంతిసేవ ముగిసినను ఆ పొదుపు నేటికిని పనికివచ్చును.

ఇతర దేశములవారును ఈ విషయమున చాల యోచించిరి. 1870లో ఫ్రాన్సు, ప్రష్యాల యుద్ధకాలమున రెడ్‌క్రాసువారు స్విట్జర్లండులోని బాసెల్ నగరమున ఒక కార్యాలయము స్థాపించి, గాయపడిన సైనికుల వార్తలను కుటుంబములకు అందజేసిరి. జపానులో 1995నాటి కోబే భూకంపమువలన గుణపాఠము నేర్చుకొని, 1998లో 171 అను సంఖ్యతో సందేశసేవను ఏర్పరచిరి. ఆపదలో నున్నవాడు ఆ సంఖ్యకు పిలిచి 30 సెకండ్ల మాటను నిలువ చేయును. బంధువులు మరియొక ఊరినుండి దానిని వినవచ్చును. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినపుడు పోర్టుబ్లెయిరులో నున్న భారతీప్రసాద్ అను హామ్ రేడియో నిపుణురాలు తన యంత్రముతో అండమాన్ దీవుల క్షేమవార్తలను దేశమునకు చేరవేసిరి. ఆమె హైదరాబాదున 1983లో స్థాపితమైన జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ పక్షమున అచటికి వెళ్లియుండిరి.

సామాన్య గృహస్థునకు యంత్రములు లేకున్నను చేయదగినది చాల కలదు. హెచ్చరిక వెలువడిన దినముననే కుటుంబమువారందరు దూరపు ఊరిలోని ఒక బంధువును వార్తాహరునిగ నిర్ణయించుకొనవలెను. తీరమున నున్నవారు అతనికొక్కనికే చెప్పుదురు. తక్కినవారు అతనినే అడుగుదురు. ముఖ్యమైన సంఖ్యలను కాగితముపై వ్రాసి దాచుకొనవలెను. బ్యాటరీ అయిపోయిన ఫోను ఏ సంఖ్యను చూపదు. సందేశము "మేము ఐదుగురము క్షేమము. పాఠశాల శిబిరమున నున్నాము. త్రాగునీరు కావలెను. ఇప్పుడు రావలదు" అనునట్లుండిన చాలును. ఎందరు, ఎచట, ఏమి కావలెను అను మూడును అందున్నవి.

దూరమున నున్న మిత్రునకును ధర్మములు కలవు. కంట చూడని వార్తను ఇతరులకు పంపరాదు. ఒక్క వదంతి పదియిండ్లలో ఏడుపు పుట్టించును. పిలుపునిచ్చినను జవాబు రాకున్నచో కీడు శంకింపక, వార్తాహరుని, పొరుగువారిని, జిల్లా సహాయకేంద్రమును విచారింపవలెను. దారులు బాగుపడక మునుపే పరుగెత్తి పోయినచో సహాయకులకు అతడే భారమగును. పంపదలచినది ఏమియో ముందుగ అడిగి పంపవలెను. తీరమున నున్నవారు తెగిన విద్యుత్తీగెల దరికి పోరాదు. నీటిని కాచి త్రాగవలెను. ఒంటరిగ నున్న వృద్ధుల తలుపును మొదట తట్టవలెను.

ఈ ధర్మము తీరమునకే పరిమితము కాదు. 2022 జూలైలో గోదావరి పొంగినపుడు మంథని పట్టణపు పల్లపు ప్రాంతములు జలమయమైనవి. నాడు క్షేమమడుగవలసిన వంతు ఇతరులదైనది.

తుఫాను మరునాడు అందరును పలుకరింతురు. నెల గడచిన పిదప పలుకరించువారు అరుదు. అప్పటికి సహాయపు లారీలు వెడలిపోవును. కూలిన గోడ, చౌడుబారిన పొలము, తప్పిపోయినవారి జ్ఞాపకము మిగులును. పిల్లలు గాలి శబ్దమునకే ఉలికిపడుదురు. అట్టివానికి ఉపదేశము కంటె, చెప్పుకొన్నది ఓపికతో వినువాడు కావలెను. బడి తెరచుట, పొలమునకు పోవుట వంటి నిత్యకృత్యములు మరల మొదలగుటయు మనస్సునకు ఊతమిచ్చును. కావున నిజమైన మిత్రుడు రెండుమారులు విచారించును. మొదటిమారు "క్షేమమేనా?" యని అడుగును. నెల గడచిన పిదప రెండవమారు "ఇప్పుడేమి కావలెను?" అని అడుగును.